మట్టెవాడలో 1346 ఫసలీ నాటి డంగు సున్నం మిద్దె: శిథిల భవనమని నోటీసు వచ్చింది, నిలబెట్టొచ్చా?

మట్టెవాడ మిద్దె (ప్రశ్న; కింద ఒక్కో జవాబు పైన రాసినోళ్ళ పేరు)

వరంగల్ మట్టెవాడలో మా పాత మిద్దె గురించి అడుగుతున్న. రోడ్డు మొఖాన రెండు మడిగెలు (దుకాణాలు), పక్కన దర్వాజ, లోపల భవంతి, పైన రెండు అర్రలు (గదులు), ముందుకు కొయ్య బాల్కనీ. ముందు గోడ మీద గచ్చులోనే 1346 ఫసలీ (నిజాం కాలపు ఏండ్ల లెక్క) అని ఉన్నది. గోడలు 18 ఇంచులు, చిన్న ఇటుక, డంగు సున్నం (గానుగల రుబ్బిన సున్నం). పునాది రాయి. కప్పు టేకు దూలాలు, వాటి మీద శాబాదు బండలు, ఆ పైన సున్నపు గచ్చు.

ఇప్పుడున్న పరిస్థితి ఇది. కింద గోడలకు చెమ్మ వస్తున్నదని కొన్నేండ్ల కింద నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు ప్లాస్టర్ కొట్టించినం. ఇప్పుడు చెమ్మ ఆ సిమెంటు పైన, ఆరడుగుల దగ్గర కనపడుతున్నది. తెల్లగ పూత పూసి సున్నం పొడి పొడి రాలుతున్నది. పిట్టగోడ మీద రావి మొక్క, మణికట్టు లావు అయింది. వెనక అర్ర మీద రెండు దూలాల కొసలు గోడ దగ్గర మెత్తబడ్డయి. తూర్పు మూలకు ఏటవాలుగ ఒక పగులు, పైన వెడల్పు, కిందికొచ్చేసరికి సన్నం. అటు పక్క ప్లాటులో సెల్లార్ తవ్వుతున్నరు. సీసీ రోడ్డు మీద రోడ్డు పోసి పోసి మా అరుగు ఇప్పుడు రోడ్డు కన్న జానెడు కిందికి పోయింది.

శిథిల భవనమని నోటీసు అంటించిండ్రు, 15 రోజుల గడువు. మడిగెలు ఖాళీ చేయించినం. అన్నదమ్ములల్ల ఇద్దరు కూలగొట్టి డెవలప్‌మెంట్‌కు ఇద్దామంటున్నరు.

నోటీసుకు ఎట్ల జవాబియ్యాలె? సిమెంటు తీసేస్తే గోడ నిలుస్తదా? రావి చెట్టుకు యాసిడ్ పోస్తే సరిపోతదా? హెరిటేజ్ అని రాయించుకుంటే ఏమన్న లాభమున్నదా, లేకపోతే మనకే గుదిబండ అయితదా? తెలిసినోళ్ళు వివరంగ చెప్పాలె.

గుండుదారం

ముందు జాకీలు, తర్వాత నోటీసుకు జవాబు, తర్వాత నీళ్ళు, అన్నిటికన్నా చివర ప్లాస్టర్. చాలా ఇళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతుంది. ప్లాస్టరు, రంగు మొదట అయిపోతాయి. కుళ్ళిన దూలం అలాగే ఉండిపోతుంది.

మెత్తబడ్డ రెండు దూలాల కింద ఇవాళే ఇనుప జాకీలు పెట్టించండి. గోడ నుంచి అడుగున్నర దూరంలో, దూలాలకు అడ్డంగా ఒక 4×4 ఇంచుల కర్ర, దాని కింద నాలుగడుగులకొకటి జాకీ. జాకీ కింద కనీసం రెండు ఇంచుల మందం పలక పరచాలి. పై అంతస్తులో జాకీ పెడితే సరిగ్గా దాని కిందే కింది అంతస్తులోనూ పెట్టాలి, లేకపోతే ఆ బరువంతా కింది కప్పు నడుమ మీద పడుతుంది. జాకీని బిగుతు వచ్చేదాకా తిప్పి ఆపేయండి. వంగిన దూలాన్ని ఒక్కరోజులో పైకి లేపాలని చూస్తే పైన బండలు పగులుతాయి, గచ్చు విచ్చుకుంటుంది, వాన నీళ్ళకు కొత్త దారి దొరుకుతుంది.

ఇక మిగతా దూలాలు చూడండి. గోడలో దూరే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. పావు ఇంచు దిగి ఆగితే పైపై కుళ్ళు, చెక్కేసి మందు పూస్తే చాలు. ఇంచు, రెండు ఇంచులు దిగిందంటే కొస పోయినట్టే. అయినా దూలం మొత్తం మార్చక్కర్లేదు. కొస మాత్రమే కుళ్ళి మిగతాది ఖంగుమంటుంటే, కుళ్ళిన భాగం కోసేసి రెండు పక్కలా ఇనుప ఛానల్ పెట్టి 12 మి.మీ. బోల్టులతో బిగిస్తారు. ఛానల్ మంచి కర్ర మీదికి కనీసం మూడడుగులు రావాలి. గోడ గూట్లో అది కూర్చునే చోట రాతి పలక, దాని మీద తారు ఫెల్ట్ ముక్క వేయాలి. చుట్టూ ముప్పావు ఇంచు ఖాళీ వదలాలి. ఆ ఖాళీని మేస్త్రీ సిమెంటుతో పూడ్చేస్తానంటాడు, ఒప్పుకోకండి. కర్ర కొస కుళ్ళేది గాలాడకే. ఎనభై ఏళ్ళు దాటి నిలిచిన టేకు, చుట్టూ సిమెంటు పడ్డాక పదేళ్ళలో మెత్తబడుతుంది.

పగులు సంగతి వేరే. పైన వెడల్పు, కింద సన్నం, అదీ మూలకు ఏటవాలుగా అంటే ఆ మూల పునాది దిగుతున్నదనే ముందు అనుమానించాలి, పక్కన తవ్వకం ఉంది కాబట్టి మరీ. పగులుకు అటు రెండు, ఇటు ఒకటి చొప్పున మూడు స్క్రూలు త్రికోణంగా దిగగొట్టండి. వారానికోసారి, పొద్దున అదే వేళకు, వెర్నియర్ కాలిపర్‌తో మూడు దూరాలూ కొలిచి తేదీతో రాయండి. ఎండకూ వానకూ కొంచెం తెరుచుకుని మూసుకోవడం పాత గోడకు మామూలే. ఒకే దిక్కుకు పెరుగుతూ పోతుంటేనే కదలిక నడుస్తున్నట్టు. గాజు పట్టీ అంటించే పద్ధతి కూడా ఉంది కానీ అది పగిలిందా లేదా అన్నదే చెబుతుంది, ఎటు, ఎంత అన్నది చెప్పదు.

గోడకు గుండు (దారానికి కట్టిన బరువు) వేసి పైన, నడుమ, కింద మూడు చోట్ల దూరం కొలవండి. ఇంచు లోపు వంపుతో భయం లేదు. నడుమ పొట్ట వచ్చిందా, సుత్తితో తడితే బోలుగా మోగుతోందా అన్నది ముఖ్యం. బోలు మోత అంటే గోడ రెండు పొరలుగా విడిపోతోందని. అలాంటి చోట పై నుంచి ఎంత ప్లాస్టర్ కొట్టినా లాభం లేదు, లోపలికి పల్చటి సున్నపు పాలు ఎక్కించాలి, పొరలను కలిపే రాతి ముక్కలు అడ్డంగా దూర్చాలి. ఈ కొలతలన్నీ మీరు తీసి పెట్టుకోండి కానీ నోటీసుకు జవాబులో మీ మాట చెల్లదు. లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీర్ రిపోర్టు కావాలి. వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉంది, అక్కడి సివిల్ విభాగాన్ని అడగండి. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ వరంగల్ చాప్టర్‌ను అడిగితే పాత సున్నపు కట్టడాలు చూసిన ఇంజనీర్ ఎవరో చెబుతారు. ఈ ఎంపిక చాలా ముఖ్యం. కాంక్రీటు తప్ప చూడని ఇంజనీర్ సున్నపు గోడకు రీబౌండ్ హ్యామర్ (పైన కొట్టి గట్టితనం కొలిచే పరికరం) పెట్టి, తక్కువ అంకె వచ్చిందని కూల్చమని రాస్తాడు. ఆ పరికరం కాంక్రీటు కోసం, మెత్తటి సున్నపు గోడ కోసం కాదు.

గానుగ సున్నం

చెమ్మ ముచ్చట నేను చెప్త. అన్నా, సిమెంటు కొట్టంగనే చెమ్మ ఆరడుగులకు ఎందుకెక్కిందో చూడు. గోడ భూమిలకెల్లి నీళ్ళు గుంజుతది, ఏ గోడైనా అంతే. సున్నపు ప్లాస్టర్ ఉన్నప్పుడు ఆ తడి అడుగున్నర, రెండడుగులల్లనే బయటికి ఆరిపోతుండె. నువ్వు నాలుగడుగులు సిమెంటుతోటి మూసినవు. ఆరేతందుకు తావు లేక అది సిమెంటు దాటినంక పైకొచ్చి ఆరుతున్నది. ఆరేకాడ ఉప్పు మిగులుతది, అదే నీకు కనపడే తెల్ల పూత. ఆ ఉప్పు ఇటుక లోపట గడ్డకట్టి ఉబ్బితే ఇటుక మొఖం పొరలు పొరలు రాలుతది. ఇప్పుడు ఇంకో రెండడుగులు సిమెంటు పైకి కొట్టిస్తే చెమ్మ పై అర్రకు పోతది, అంతే. వాటర్‌ప్రూఫ్ పుట్టీ, ఎమల్షన్ రంగు కూడా అదే పని చేస్తయి.

సిమెంటు తీసుడు: బ్రేకర్ మిషిన్ గోడకు ఆనియ్యొద్దు. ఆ అదురుకు పాత సున్నం కీళ్ళు వదులైతయి. ఉలి, సుత్తె, చెయ్యి పని. సుత్తెతోటి కొట్టి బోలు మోగినకాడ మొదలుపెట్టు, అది పెళ్ళలు పెళ్ళలే వస్తది. గట్టిగ పట్టుకున్నకాడ జబర్దస్తీ చెయ్యొద్దు, ఇటుక మొఖం ఊడొస్తది. అటువంటి ముక్క ఉంటే ఉండనియ్యి, చుట్టూత ఆరినంక తర్వాత చూసుకోవచ్చు. ఒకేసారి గోడంత గుల్ల చెయ్యకుండ నాలుగైదడుగుల వెడల్పు చొప్పున తియ్యి. ఉప్పును పొడి బ్రష్షుతోటి దులిపి, ఎత్తి బయట పారెయ్యి. నీళ్ళతోటి కడుగుతే మళ్ళ లోపటికే పోతది.

తీసినంక ఎంబడే ప్లాస్టర్ కొట్టొద్దు. తడిసిన గోడ ఒక ఇంచు ఆరాలంటే దగ్గర దగ్గర నెల. 18 ఇంచుల గోడ, రెండు దిక్కులా ఆరుతదనుకున్నా తొమ్మిది నెలలు. సంక్రాంతి ముంగట గుల్ల చేసి, ఎండాకాలమంత ఎండనిచ్చి, వానలు తగ్గినంక, దసరా దీపావళి నడుమ ప్లాస్టర్ మొదలుపెట్టుడు మన దగ్గర కుదిరే లెక్క. మే నెలల సున్నం పని పెట్టుకోవద్దు. మన ఎండకు సున్నం పట్టక ముందే నీళ్ళు గుంజుకపోయి పొడైతది.

ఇగ మాలు, అంటే ప్లాస్టర్‌కు కలిపే సున్నపు ముద్ద. బట్టీల కాల్చిన సున్నపురాయి తెచ్చి గుంతల నీళ్ళు పోసి సల్లార్చాలె. నీళ్ళల్ల రాయి వెయ్యి, పొంగేటప్పుడు మొఖం అడ్డం పెట్టకు, కండ్లల్ల పడితే చూపు పోతది. అద్దాలు, రబ్బరు గ్లౌజులు లేకుండ కూలోళ్ళను దించొద్దు. సల్లారిన ముద్దను సన్న జల్లెడ పట్టి, పైన నాలుగేళ్ళ మందం నీళ్ళు నిలబెట్టి కనీసం మూడు వారాలు ఉంచు. నెలలు ఉంచితే ఇంకా నయం. తొందరపడి వారంల వాడితే సల్లారని పలుకులు గోడ మీద ఉబ్బి, చిన్న చిన్న గుంటలు పెట్టి రాలుతయి.

సంచులల్ల వచ్చే పొడి సున్నం వాడొచ్చా అంటే, కొత్తదైతే వాడొచ్చు, ముందురోజే నానబెట్టాలె. పాతదా కొత్తదా ఎట్ల తెలుస్తదంటే, చిటికెడు పొడి మీద నిమ్మరసం పిండు. బాగ బుసబుస నురగొస్తే అది గాలికి సచ్చిన సున్నం. పట్టు రాదు, వాపస్ పంపు.

పాళ్ళు: లోపలి పొరకు సున్నం 1, సుర్కి 1, ఇసుక 2. పై పొరకు సున్నం 1, సన్న ఇసుక 2. సుర్కి అంటే ఇటుక పొడే గని ఏ ఇటుకంటే ఆ ఇటుక కాదు. నల్లగ మాడి గలగల మోగే ఇటుకను దంచితే అది ఇసుకతోటి సమానం, సున్నంతోటి కలిసి గట్టిపడదు. కొంచెం తక్కువ కాలిన నాటు ఇటుక మంచిది. చెమ్మ ఉండే కింది గోడకు సుర్కి తప్పనిసరి, లేకుంటే ఒట్టి సున్నం తడిల గట్టిపడదు. వంద చదరపు అడుగులకు ముప్పావు ఇంచు మందమైతే, కీళ్ళల్లకు పోయేది కలుపుకొని పొడి మాలు సుమారు 10 ఘనపుటడుగులు. అంటే సున్నపు ముద్ద రెండున్నర, సుర్కి రెండున్నర, ఇసుక ఐదు. ఆ ముద్దకు రాయిని బట్టి 40 కిలోల దాకా సున్నపురాయి పడ్తది.

ఇసుకను సీసల పరీక్ష చెయ్యి. సగం ఇసుక, మీద నీళ్ళు పోసి చిటికెడు ఉప్పేసి ఊపి మూడు గంటలు కదలకుండ పెట్టు. పైన పేరుకున్న ఒండు, ఇసుక ఎత్తుల నూటికి ఎనిమిది పాళ్ళు దాటొద్దు. (ఆ ఇసుకను పారెయ్యి, ఉప్పు కలిసింది కదా.)

బెల్లం, కరక్కాయ అందరు అడుగుతరు. వంద లీటర్ల నీళ్ళకు రెండు కిలోల బెల్లం, రెండు కిలోల దంచిన కరక్కాయ, నాలుగైదు రోజులు నాననిచ్చి వడగట్టి ఆ నీళ్ళతోటే మాలు కలుపు. బెల్లంతోటి తక్కువ నీళ్ళకే మాలు మెత్తగ సాగుతది. ఎక్కువేస్తే మంచిదనుకోవద్దు, పట్టు ఆలస్యమైతది, చీమలు పడ్తయి. అసలు బలం బెల్లంల లేదు, రుబ్బుట్ల ఉన్నది. గానుగ దొరకకపోతే రోలర్ ఉండే పాన్ మిక్సర్ల అరగంటైనా తిరగాలె. కాంక్రీటు మిక్సర్ కలుపుతది గని రుబ్బదు.

కొట్టేముందు గోడ తడపాలె, కారేటట్టు కాదు. ఒక్కో పొర అర ఇంచు మించొద్దు. మొదటి పొర గోరు దిగనంత గట్టిపడ్డంకనే రెండోది. మీద తడి గోనెపట్టాలు, రెండు వారాలు. రంగు అంటే వెల్ల వెయ్యి, పాలంత పల్చగ మూడు నాలుగు సుట్లు. చిక్కగ ఒకటే సుట్టు వేస్తే పెచ్చులూడుతది.

రావి చెట్టుకు యాసిడ్ అన్నవు, చేతులు జోడిస్త, పొయ్యకు. సున్నం గోడకు యాసిడ్ విషం. వేరు సావొచ్చు సావకపోవచ్చు, కీళ్ళల్ల సున్నమంత కరిగి కారిపోతది. ఉప్పు పొయ్యుడు కూడా అంతే, ఆ ఉప్పే మళ్ళ గోడల పూస్తది. గుంజి పీకుడు ఇంకా అన్యాయం, వేరుతోటి మూడు వరుసల ఇటుక వస్తది. మొదలుకు కోసి, కోసిన మొఖంల రంధ్రాలు చేసి, పచ్చి ఆరకముందే మందు పొయ్యాలె. గ్లైఫోసేట్ (కలుపు మందు) అయితే పెస్ట్ కంట్రోల్ వాళ్ళతోనే పోయించాలె, 2022 నుంచి కేంద్రం రూలు అట్లున్నది. మీద ప్లాస్టిక్ కట్టు. మళ్ళ చిగురేస్తే మళ్ళ మందే. వేరు ఎండి గుల్లయినంక పిట్టగోడ ఆ మేర విప్పి, వేరు తీసి, అవే ఇటుకలు సున్నంతోటి కట్టు.

హద్దురాయి

కాగితం పని గురించి.

నోటీసులో 'మరమ్మతు చేయాలి లేదా తొలగించాలి' అని ఉందా, ఒట్టి 'తొలగించాలి' అనే ఉందా అన్నది మొదట చదవండి. 'మరమ్మతు' అన్న మాట ఉంటే మీ దారి అందులోనే ఉంది. ఏదైనా సరే, గడువు లోపల రాతపూర్వకంగా జవాబిచ్చి రసీదు తీసుకోవాలి. నోటితో చెప్పి వచ్చింది లెక్కలోకి రాదు. జవాబులో ఉండాల్సినవి: మడిగెలు ఖాళీ చేసిన తేదీ, జాకీలు పెట్టిన ఫొటోలు, రోడ్డు వైపు బాల్కనీ కింద అడ్డంగా కట్టిన బారికేడ్ ఫొటో, ఇంజనీర్ రిపోర్టు లేదా కనీసం ఇంజనీర్‌కు అప్పగించిన లేఖ, ఏ పని ఏ నెలలో చేస్తారన్న పట్టిక, వ్యక్తిగతంగా వినిపించుకునే అవకాశం కోరుతూ ఒక వాక్యం. అధికారికి కావలసింది రేపు వానలో ఇటుక రోడ్డు మీద పడి మనిషి పోకుండా ఉండటం. ఆ భయం తీర్చే జవాబు రాయండి, వారసత్వం గురించి రెండు పేజీలు రాయకండి. వాటాదారులందరి సంతకాలు ఉంటే మేలు. ఇద్దరు కూల్చమని, ఇద్దరు వద్దని వేర్వేరు అర్జీలు పెడితే కూల్చేవాళ్ళ పని సులువవుతుంది.

పక్క సెల్లార్ మీద విడిగా ఫిర్యాదు పెట్టండి, పగులు కొలతలు జతచేసి. మీ గోడ పునాది లోతు కన్నా కిందికి తవ్వేటప్పుడు ఒడ్డు కూలకుండా ఆపు కట్టాల్సిన బాధ్యత తవ్వేవాళ్ళదే. తవ్వకం ముందటి ఫొటోలు పాత పెళ్ళి ఆల్బమ్‌లోవైనా సరే వెతికి పెట్టుకోండి.

హెరిటేజ్ గుదిబండా అన్నారు. రెండు వేర్వేరు విషయాలు జనం కలిపేస్తున్నారు. ఒకటి, మీ ఇల్లే వారసత్వ కట్టడంగా నమోదు కావడం. రెండు, మీ ఇల్లు వేరే రక్షిత కట్టడానికి దగ్గరగా ఉండటం.

రెండోదే ముందు తేల్చుకోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట లాంటి చోట్ల 2010 సవరణ చట్టం ప్రకారం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత కట్టడం గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడానికి అనుమతి రాదు. అయితే 1992 జూన్ 16 కంటే ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఖిలా వరంగల్‌లో, హనుమకొండ గుడి చుట్టుపక్కల చాలామందికి ఇది కూల్చాక తెలుస్తుంది. పాత ఇల్లు పోయింది, కొత్తది కట్టనివ్వరు, చేతిలో ఖాళీ జాగా మిగులుతుంది. అలాంటి చోట పాత గోడను నిలబెట్టుకోవడమే ఆస్తిని కాపాడుకోవడం. మీది మట్టెవాడ కాబట్టి దూరమే కావచ్చు కానీ డెవలపర్ మాట మీద కాకుండా పురావస్తు శాఖ నుంచి రాతలో తెచ్చుకోండి.

మొదటిది: పాతదైనంత మాత్రాన ఇల్లు రక్షిత కట్టడం కాదు. కేంద్ర చట్టం కిందికి రావాలంటే కనీసం వందేళ్ళు ఉండాలి. 1346 ఫసలీ అంటే 1936 అక్టోబర్ నుంచి 1937 అక్టోబర్ దాకా, నిజాం రాజ్యపు ఫసలీ లెక్కకు 590 కలిపితే మొదలయ్యే ఏడాది వస్తుంది. కాబట్టి ఇంకా నిండలేదు. రాష్ట్రానికి 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. నమోదైతే ముఖభాగం మార్చాలన్నా, అంతస్తు వేయాలన్నా అనుమతి కావాలి, అది నిజమే. బదులుగా, వారసత్వ కట్టడాన్ని నిలబెట్టి వాడుకునేవాళ్ళకు టీడీఆర్ (అక్కడ వాడుకోని నిర్మాణ హక్కును వేరేచోట వాడుకోవడానికో అమ్ముకోవడానికో ఇచ్చే పత్రం) ఇచ్చే నిబంధన 2012 నాటి జీవో 168లో ఉంది. అయితే అధికారిక గుర్తింపు లేకుండా అది దక్కదు, దక్కినా కొనేవాళ్ళు ఉంటేనే దానికి విలువ. దాన్ని నమ్ముకుని మరమ్మతు ఖర్చు లెక్క వేయకండి.

జాబితాలో పేరుంటే ఏమవుతుందంటే, 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చివేత నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ భవనం నోటిఫై అయిన జాబితాలో ఉండటమే వాదనకు ఆధారమైంది. మన దగ్గర నిజాం కాలపు సెంట్రల్ జైలు 2021లో నేలమట్టమైంది, 1934 నాటి ఆజంజాహి మిల్లు షెడ్లూ పోయాయి. వరంగల్‌లో కాకతీయుల రాయికి ఉన్న కాపలాలో పదో వంతు కూడా నిజాం నాటి ఇటుకకు లేదు.

చౌరస్తా

పైన చెప్పినవన్నీ సరే. ఒక మాట కటువుగా చెబుతా. నలుగురు వాటాదారులు, తొమ్మిది నెలలు గోడ ఆరబెట్టుడు, మడిగెల కిరాయి రాని ఏడాది. ఈ లెక్క అన్నదమ్ముల ముందు పెట్టకుండా 'తాతల ఇల్లు' అని మాట్లాడితే నిలవదు. వెనక అర్రలు, భవంతి మీద పట్టుబట్టకండి. రోడ్డు వైపు మడిగెలు, పైన బాల్కనీ, వాటి వెనక మొదటి అడ్డగోడ దాకా ఒక ముక్కగా నిలబెట్టండి. బజారుకు కనపడేదీ, కిరాయి తెచ్చేదీ అదే. వెనక భాగంలో కొత్తగా కట్టుకోండి, పాత గోడకు ఆనకుండా రెండు ఇంచుల ఎడం వదిలి, దాని బరువు దాని స్తంభాల మీదే ఉండేటట్టు.

ముందు గోడ ఒక్కటే వదిలి వెనకంతా కూల్చేద్దామని డెవలపర్ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. అడ్డగోడల పట్టు పోయిన 18 ఇంచుల గోడ ఒంటరిగా ఇరవై అడుగులు నిలబడదు, మొదటి గాలివానకే వంగుతుంది. కనీసం ఒక అడ్డగోడ, దాని మీది కప్పు దానికి అతుక్కుని ఉండాలి.

కూల్చే భాగాన్నైనా కొలిచి గీయించి కూల్చండి. ప్లాన్, నిలువు కోత, దర్వాజ చెక్కడం, బాల్కనీ బ్రాకెట్లు అన్నీ స్కేలు పెట్టి ఫొటో తీయాలి. తీసిన ప్రతి దూలానికీ, ప్రతి చెక్కకూ నంబరు రేకు కొట్టాలి, సుద్దతో రాస్తే వానకు పోతుంది. విప్పడం సులువే, కూర్చడమే కష్టం. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం 2006లో విప్పితే 2024 మార్చిలో తెరుచుకుంది. అక్కడ కేంద్ర శాఖ ఉంది, స్థపతులున్నారు. మీకు అంత ఓపికా ఉండదు, అంత డబ్బూ ఉండదు, కాబట్టి విప్పకుండా ఆపగలిగిన చోట ఆపండి. పాత టేకు కొనేవాళ్ళు కూల్చే కాంట్రాక్టులో కర్ర కలుపుకుని తక్కువకు ఒప్పుకున్నట్టు చూపిస్తారు, కర్రను ఘనపుటడుగుల్లో కొలిచి విడిగా అమ్మండి. చిన్న ఇటుకలు ఎవరికీ ఇవ్వకండి, ముందు భాగం మరమ్మతుకు అవే కావాలి. ఆ సైజు ఇటుక ఇప్పుడు బట్టీలో దొరకదు.

మట్టెవాడ మిద్దె

అందరికి దండాలు. జాకీలు పెట్టిచ్చిన, బాల్కనీ కింద తడక కట్టిచ్చిన. ఇంకో రెండు సందేహాలు. ఒకటి, మా తమ్ముడు తెచ్చిన మేస్త్రీ పాత గోడల్ల అక్కడక్కడ గాడి కొట్టి కాలమ్‌లు లేపి పైన ఆర్‌సీసీ స్లాబ్ పోస్తే వందేండ్లు ఢోకా లేదంటున్నడు. రెండు, రోడ్డు ఎత్తయింది కదా, అరుగు మీద కాంక్రీటు పోసి ఎత్తు చెయ్యాల్నా?

గుండుదారం

కాలమ్ కోసం 18 ఇంచుల గోడలో 9 ఇంచుల గాడి కొడితే ఆ చోట గోడ సగమే మిగులుతుంది. పైగా గోడ మెత్తగా కొద్దికొద్దిగా కదులుతుంది, కాంక్రీటు కదలదు. రెండిటి మధ్య నిలువునా పగులు వచ్చి తీరుతుంది. కాలమ్ పునాదికి గుంత తీస్తే పాత రాతి పునాది పక్కన మట్టి వదులవుతుంది, తూర్పు మూలలో ఇప్పటికే ఆ జబ్బు ఉంది. ఐదు ఇంచుల స్లాబ్ చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. బరువు ఒక్కటే కాదు, స్లాబ్ ఎండకు సాగి గోడ పై వరుసలను బయటికి నెడుతుంది. పాత కప్పును దూలాలు బాగుచేసి, బండలు మళ్ళీ పరిచి, గచ్చు కొత్తగా వేసి నిలబెట్టడమే మంచిది. గచ్చు వేసేటప్పుడు వాలు అరవై అడుగులకు ఒక అడుగు కన్నా తగ్గకూడదు. నీటి గొట్టాలు గోడలోంచి కాకుండా బయట వేలాడేలా, గోడకు నాలుగు ఇంచుల ఎడంగా పెట్టండి.

అరుగు మీద కాంక్రీటు వద్దు. అరుగు కింద తడి బయటికి పోయే దారి లేక మొత్తం గోడలోకే ఎక్కుతుంది. లోపల గ్రానైట్, టైల్స్ పరిచినా ఇదే జరుగుతుంది. గోడ వెంట అడుగున్నర వెడల్పు, అడుగు లోతు కాల్వ తీసి 20 మి.మీ. కంకర నింపండి. అడుగున రంధ్రాల పైపు వేసి డ్రైనేజీ వైపు వాలు ఇవ్వండి. కాల్వ పునాది అట్టడుగు కన్నా లోతు పోకూడదు, అందుకే తవ్వే ముందు ఒకచోట చిన్న గుంత తీసి పునాది ఎంత లోతుందో చూడండి. రోడ్డు నీళ్ళు గడప దాటకుండా ముందు వైపు రోడ్డు మట్టానికి పైన ఆరు ఇంచులు వచ్చేలా రాతి కట్ట చాలు. డ్రైనేజీ మీ కాల్వ కన్నా ఎత్తులో ఉంటే మాత్రం పైపు పనిచేయదు, వెనక్కి కొడుతుంది. అప్పుడు సంపు తీసి మోటారు పెట్టుకోవాలి. లెవెల్ పైపుతో ముందే చూసుకోండి.

గానుగ సున్నం

చెదలు చూసినవా అన్నా? దూలం కొస మెత్తబడ్డదన్నవు గని కుళ్ళా, చెదలా అన్నది చెప్పలే. గుచ్చితే తడి ముద్దలెక్క వస్తే కుళ్ళు. మట్టి నిండిన గుల్లలెక్క, నిలువు గీతలు గీతలుగ ఉంటే చెదలు. చెదలైతే కింద గోడకూ బండకూ నడుమ అడుగుకొకటి 12 మి.మీ. రంధ్రం వేయించి మందు నింపాలె, ఒక్కో రంధ్రానికి లీటరు. ఇమిడాక్లోప్రిడ్ (చెదల మందు) 30.5 శాతంది అయితే లీటరు నీళ్ళకు 2.1 మి.లీ. చేదబాయి ఉంటే దాని దిక్కు పొయ్యకు. దూలం బాగు చేసుడు ఈ పని అయినంకనే, లేకుంటే కొత్త కర్ర కూడా పోతది.